తలబిరుసు ఎముక

3, ఆదివారం

పని లేదు, సెలవు.

సాయంత్రం డ్రిల్లు మాస్టారు వచ్చారు. మా అమ్మాయి పెళ్ళి చేసుకుంటానంటున్న కుర్రాడి తండ్రి ఆయన. బడిలో పిల్లలకు వ్యాయామం నేర్పి రిటైరయ్యారు. ఇప్పటికీ సోఫాలో నిటారుగా కూర్చుంటారు. కాఫీ కప్పు ఎత్తడం, తాగడం, దించడం మూడూ మూడు ఆజ్ఞల ప్రకారం జరుగుతాయి. మనిషి నాకు నచ్చారు.

ఆయన నా ఎడమ పక్కన కూర్చుని గంటసేపు మాట్లాడారు. నేను ఎదురుగా ఉన్న గోడ గడియారం వైపు చూస్తూ శ్రద్ధగా విన్నాను. ఎక్కడా మాటకు అడ్డం పడలేదు. గడియారం కొంచెం వెనక నడుస్తోంది. సరిచెయ్యాలి.

అంతా బాగానే జరిగింది.

4, సోమవారం

పని: దర్జీ అక్కయ్య కుట్టుమిషను. దారం ఊరికే తెగుతోందంది. బాబిన్ కేసు అరిగిపోయింది. మార్చాను.

పొద్దున అమ్మాయి కాఫీ ఇచ్చి ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయింది. రోజూ నేను కప్పు ఖాళీ చేసేలోపు ముందురోజు తను పనిచేసే కళ్ళజోళ్ళ షాపులో జరిగినదంతా చెప్పేస్తుంది. ఎవరు ఏ ఫ్రేము పెట్టుకుని అద్దం ముందు మురిసిపోయారు, ఏ పెద్దాయన నుదుటి మీదున్న జోడు కోసం షాపంతా వెతికించాడు, అన్నీ. ఈరోజు కప్పు ఖాళీ అయింది, కబురు లేదు.

జలుబు చేసిందేమో.

5, మంగళవారం

జలుబు కాదు.

6, బుధవారం

పని: రెండు మిషన్లు విప్పాను. ఒకటే బిగించాను.

సంగతి మా ఆవిడ చెప్పింది.

"మాస్టారు ఇంటికెళ్ళి ఏమన్నారో తెలుసా? పిల్ల బంగారం, తండ్రికే తలబిరుసు అన్నారట. గంటసేపు గొంతు నొప్పెట్టేలా మాట్లాడితే ఒక్కసారి ముఖం తిప్పి చూళ్ళేదట. గోడతో వియ్యమందడానికి నేనేం ఇటుకనా అన్నారట. కుర్రాడు ఫోన్లో చెప్పినప్పట్నుంచీ పిల్ల దిండు తడుపుతోంది."

"నేనేమన్నాను?"

"ఏమీ అనలేదు."

"మరి?"

"అదేనండీ!" అని గరిటె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను చూడకపోవడమేమిటి? ఎడమ కంటి చివర ఆయన మోకాలు నాకు కనిపిస్తూనే ఉంది. గోధుమరంగు ప్యాంటు.

తలబిరుసు అనిపించుకోవడం నాకు కొత్త కాదు. బడిలో అన్నారు. మొదట పనిచేసిన షాపు యజమాని అన్నాడు. అతను పక్కనుంచి పిలిస్తే నేను నిలువునా తిరిగి, ఎదురుగా నిలబడి "ఏంటి?" అనేవాణ్ణి. కొట్టడానికి వస్తున్నానేమో అన్నట్టు వెనక్కి జరిగేవాడు. ఆ షాపు వదిలేసి, పాత మిషన్లు విప్పుకుంటూ సొంతంగా పని నేర్చుకున్నాను. ఆత్మగౌరవం ఉన్నవాణ్ణి లోకం అలాగే అంటుంది. నేను తల వంచే రకం కాదు. అందులో తప్పేముంది?

7, గురువారం

అమ్మాయి నోరు విప్పింది.

"నాన్నా, ఒక్కసారి వాళ్ళింటికి వెళ్ళి మాట్లాడవూ? రెండు వీధులవతలే."

"ఏం మాట్లాడాలి?"

"ఏదో ఒకటి. ఎండ గురించైనా సరే."

చూద్దాం అన్నాను. ఏం మాట్లాడాలో ముందే అనుకుని వెళ్తే మంచిదని ఇక్కడ రాసుకుంటున్నాను.

మాస్టారూ, మొన్న మీరు వచ్చినప్పుడు

ఇంతవరకే వచ్చింది.

8, శుక్రవారం

వెళ్ళలేదు. పని ఎక్కువగా ఉంది.

పని: ఒక బెల్టు.

10, ఆదివారం. ఆసుపత్రి

నిన్న రాయడానికి వీలుపడలేదు. పడ్డాను.

నా షాపులో అటక మీద పాత బెల్టుల డబ్బా ఉంది. దాన్ని దించడానికి స్టూలు ఎక్కాను. అది తిరిగే స్టూలు. దాని గొట్టంలో మరకు గ్రీజు పెట్టింది నేనే. వేలితో తోస్తే మూడు చుట్లు తిరుగుతుందని అందరికీ గొప్పగా చూపించిందీ నేనే. అయినా ఎక్కాను. అది తిరగాల్సినట్టే తిరిగింది.

అదే సమయానికి మా బామ్మర్ది తన సామాన్ల వ్యాన్ గుమ్మం ముందు ఆపాడు.

"బావా, నువ్వు మనిషి పడ్డట్టు పళ్ళేదు. బీరువా పడ్డట్టు పడ్డావు" అంటూ ఎత్తి, వ్యాన్‌లో రెండు పరుపుల మధ్య పడుకోబెట్టి తీసుకొచ్చాడు. ఆ పరుపులు ఎవరో కొనుక్కున్నవి. నుదుటి రక్తం ఒకదానికి అంటింది.

ఎమర్జెన్సీలో ఒక కుర్ర డాక్టరు నుదుటికి కుట్లు వేసి, ఎందుకైనా మంచిదని మెడకు గట్టి పట్టీ బిగించి ఎక్స్‌రే తీయించాడు. ఫిల్ము వచ్చాక అతని ముఖం మారిపోయింది. ఇంకొకర్ని పిలిచాడు. వాళ్ళిద్దరూ కలిసి మరొకర్ని పిలిచారు. "కదలకండి, తల అసలు కదపకండి" అన్నారు. చేతివేళ్ళు ఆడుతున్నాయా, కాళ్ళకు స్పర్శ తెలుస్తోందా అని పదేపదే అడిగారు. మెడలో తేడా ఉంది, విరిగిందో ఏమో స్కాను తీస్తే కానీ చెప్పలేం అన్నారు. మా ఆవిడ, అమ్మాయి వచ్చారు. అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఎంతకీ వదల్లేదు. పైకప్పులో ఒక పలక పగిలి ఉంది. వేళ్ళు ఆడకపోతే సూదిలో దారం ఎక్కించలేను అన్నదొక్కటే తోచింది.

ఆ సమయం గురించి ఇంకేం రాయను.

స్కాను అయ్యాక ఫిల్ములు చూసే పెద్ద డాక్టరమ్మ వచ్చింది. కళ్ళజోడు కిందికి దించి చూసింది. పైకెత్తి చూసింది. తర్వాత నవ్వింది. ఆసుపత్రిలో అంత హాయిగా నవ్విన మనిషిని నేను చూడలేదు.

"విరగలేదండీ. ఇది విరగడం కాదు, అతుక్కుని ఉండటం. పట్టీ తీసెయ్యండి" అంది. తీశారు. "ఏదీ, ఎడమకి తిప్పండి."

తిప్పాను.

"భుజం కాదండీ, తల."

"తలే తిప్పాను."

ఆమె కుర్ర డాక్టర్ల వైపు చూసి, "చూశారా?" అంది. వాళ్ళు చూశారు.

మెడలో ఏడు ఎముకలు విడివిడిగా, పూసల్లా ఉంటాయట. నాకు రెండోది, మూడోది, నాలుగోది కలిసి ఒక్క ముక్క. ఐదూ ఆరూ ఇంకో ముక్క. అమ్మ కడుపులో విడిపోవాల్సినవి విడిపోకుండా ఉండిపోయాయి. ఇద్దరు డాక్టర్ల పేర్లు కలిపి దీనికొక పేరు పెట్టారట. రెండుసార్లు చెప్పించుకున్నా నోరు తిరగలేదు. నలభై వేలమందిలో ఒకరికి ఉంటుందట. స్టూలు మీంచి పడకపోతే నాకెప్పటికీ తెలిసేదే కాదు. ఇలాంటివాళ్ళలో కొందరికి మూత్రపిండం కూడా ఒకటే ఉంటుందని ఆ స్కాను కూడా తీశారు. రెండూ ఉన్నాయి.

"లోపల స్టాకు సరిపోయింది బావా" అన్నాడు బామ్మర్ది.

మధ్యాహ్నం నుంచి డాక్టరు చదువు చదివే పిల్లలు వరసకట్టి వస్తున్నారు. ఒక్కొక్కరూ నా మెడ పట్టుకుని చూసి, థాంక్సండీ అని వెళ్తున్నారు. నీ పెళ్ళిలో కూడా నిన్ను ఇంతమంది చూళ్ళేదు బావా అన్నాడు బామ్మర్ది. వాడికి ఇక్కడ బాగా కాలక్షేపంగా ఉంది. పరుపు సంగతి ఇంకా ఎవరికీ చెప్పినట్టు లేడు.

11, సోమవారం. ఆసుపత్రి

ఒక అనుమానం తీర్చుకున్నాను. వార్డులో ఎవరూ చూడనప్పుడు మా ఆవిణ్ణి అడిగాను.

"నువ్వు భుజం కదపకుండా ఆ పక్క మంచం చూడగలవా?"

తల తిప్పి చూసింది. భుజం అంగుళమైనా కదల్లేదు.

"ఇంకొంచెం?"

ఇంకొంచెం తిప్పింది. గుడ్లగూబలా. నాకు భయం వేసింది.

"అందరూ ఇలా తిప్పుతారా?"

"తిప్పకపోతే బతికేదెలాగండీ?"

ఇన్నేళ్ళూ జనం మెడ అలా మెలితిప్పి చూస్తుంటే, అది కొందరి అలవాటనుకున్నాను. తొందరపాటు మనుషులు, నిలువునా తిరిగే ఓపిక లేనివాళ్ళు అనుకున్నాను.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చి జాగ్రత్తలు చెప్పింది. తల మీద బరువులు మోయకూడదు. మెడకు కుదుపు తగలకూడదు. చేతులు తిమ్మిరెక్కితే వెంటనే రావాలి. స్టూళ్ళు ఎక్కకూడదు. చివరిది వైద్యం కాదనుకుంటాను. ఆ మాట అంటున్నప్పుడు మా ఆవిడ వైపు చూసింది.

మా ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"తల పక్కకి తిరగదన్నారు, సరేనండీ. మరి పైకీ కిందికీ ఊపడానికి?"

"దానికేం అడ్డు లేదమ్మా. ముందుకి వంగడం, తలూపడం అన్నీ మామూలే. పక్కకి తిరగడమే తక్కువ."

"ఏమండీ, విన్నారా?"

విన్నాను.

"నే చెప్పినదానికి పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒక్కసారి తలూపిన పాపాన పోలేదు. అదీ ఎముకేనేమోనని పొద్దుట్నుంచీ జాలిపడుతున్నాను!"

డాక్టరమ్మ దగ్గు వచ్చినట్టు ముఖం అటు తిప్పుకుంది. ఎంత సులువుగా తిప్పిందో.

12, మంగళవారం

ఇంటికి వచ్చాను. పని లేదు. వారం దాకా ఉండకూడదట.

13, బుధవారం

మా ఆవిడ ఫిల్ము సంచీలో పెట్టుకుని వీధంతా తిరుగుతోంది. ప్రతి ఇంట్లోనూ దాన్ని కిటికీకి ఆనించి, "చూడండి, ఇదీ సంగతి. ఇంతకాలం పొగరనుకున్నారు కదా, పొగరు కాదు, ఎముక" అంటోంది. నా మెడ లోపలి భాగం ఇప్పుడు కూరగాయల కొట్టతనికి కూడా తెలుసు.

వీధిలో నాకు ఇంత పొగరుందని ఇంతమంది అనుకుంటున్నట్టు నాకు తెలియదు. ఇప్పుడు వాళ్ళంతా వరసగా వచ్చి క్షమిస్తున్నారు. దర్జీ అక్కయ్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఎన్నిసార్లు పక్కనుంచి పలకరించాను తమ్ముడూ. పలక్కుండా పోతే లోపల తిట్టుకునేదాన్ని."

పోనీలే అక్కయ్యా అన్నాను. ఆమె పలకరింపులు కొన్ని నాకు వినపడేవి. ఎంత పొడుగు మాటలో ఆమెవి.

ఒకటి మాత్రం బాధగా ఉంది. తల వంచని మనిషినని నన్ను నేను కొంచెం మెచ్చుకుంటూ ఉండేవాణ్ణి. పైకి అనకపోయినా. ఇప్పుడు చూస్తే అందులో నా గొప్ప ఎంత, ఎముక గొప్ప ఎంత? అసలు వంచడానికి అడ్డే లేదట. తిప్పడానికే అడ్డు. అంటే వంచకపోవడం మాత్రం నాదే. అది కొంత ఊరట.

ఊరట అని ఎందుకు రాశానో తెలియదు. ఉండనీ.

14, గురువారం

మాస్టారికి సంగతి తెలిసింది. తెలియక అన్నాను పాపం, ఆదివారం వచ్చి చూస్తానని కుర్రాడితో కబురంపారు. అమ్మాయి ఎగిరి గంతేస్తుందనుకున్నాను. రాత్రి అన్నం దగ్గర నా ఎదురుగా వచ్చి కూర్చుంది. ఇప్పుడు ఇంట్లో అందరూ నాకు ఎదురుగానే కూర్చుంటున్నారు. గ్రూప్ ఫోటోకి కూర్చున్నట్టుంది.

"నాన్నా, ఎముక వల్ల ముఖం తిప్పలేదు. ఒప్పుకుంటాను."

"ఊఁ."

"కుర్చీ తిప్పుకోవచ్చుగా?"

నేను ముద్ద కలుపుకున్నాను.

"నోరు తెరవచ్చుగా? నోటికి అడ్డంపడే ఎముకేదీ ఫిల్ములో కనపళ్ళేదు. నేను కిటికీ దగ్గర పెట్టుకుని చూశాను." కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. "ఆయన నిన్ను చూసి జాలిపడి పెళ్ళికి ఒప్పుకుంటే నాకొద్దు నాన్నా. నువ్వు మాట్లాడితే ఒప్పుకోవాలి. లేకపోతే నీకు ఇష్టం లేదనే అనుకుంటాను."

నాకు ఇష్టం లేదని ఎవరన్నారు? కుర్రాడు మంచివాడు. వాళ్ళ అమ్మ కుట్టుమిషను తనే విప్పి, బిగించలేక నా దగ్గరికి తెచ్చాడు. విప్పేవాడు ఎప్పటికైనా నేర్చుకుంటాడు.

15, శుక్రవారం

మాస్టారూ, ఆ రోజు నేను మిమ్మల్ని

మాస్టారూ, మా అమ్మాయి

ఎండ బాగా ఎక్కువగా ఉంది.

16, శనివారం

ఎవరికీ చెప్పకుండా షాపుకు వెళ్ళాను. మూల బోర్లా పడి ఉన్న స్టూలు తీశాను. పడ్డప్పుడు గొట్టం కొంచెం వంగింది. సుత్తితో సరిచేశాను. తిరుగుతోంది కానీ కిర్రుమంటోంది. ఇంటికి తెచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఉంది.

"మళ్ళీ ఆ దరిద్రాన్ని తెచ్చారా? నిన్ననే తమ్ముడితో చెప్పాను, పాత ఇనుముకి వేసెయ్యమని."

"ఎక్కను."

"మరెందుకు?"

"కూర్చుంటాను."

ఆమె నన్నూ స్టూలునీ మార్చి మార్చి చూసింది. తర్వాత తనే గుడ్డ తెచ్చి తుడిచింది.

17, ఆదివారం

వివరంగా రాస్తాను.

ముందుగదిలో సోఫా, కుర్చీలు గోడవారకు జరిపి, మధ్యలో స్టూలు వేసుకుని కూర్చున్నాను. బామ్మర్ది చూసి, "బావా, జుట్టు కత్తిరించడానికి మనిషిని పిలవనా?" అన్నాడు. వాడు వచ్చింది పరుపు సంగతి చెప్పడానికి. తర్వాత చెబుతానన్నాడు.

మాస్టారు, కుర్రాడు వచ్చారు. మాస్టారు ఈసారి తనే కుర్చీ లాక్కుని నాకు సరిగ్గా ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని, "ఎలా ఉన్నారండీ?" అని మైదానం అవతలికి వినపడేలా అడిగారు.

"చెవులు బానే ఉన్నాయి నాన్నా, మెడొక్కటే" అన్నాడు కుర్రాడు మెల్లగా.

మాస్టారు గొంతు తగ్గించారు. కాఫీ వచ్చింది. ఈసారి కప్పు సగంలో ఆగిపోయింది. ఆజ్ఞ ఇచ్చేవాళ్ళెవరూ లేనట్టు.

"నేను ఉద్యోగమంతా పిల్లల్ని ఎండలో నిలబెట్టి 'కుడికి చూడు, ఎడమకి చూడు' అని అరిచినవాణ్ణండీ. ఎవడి తలైనా తిరక్కపోతే వాడికి పొగరనుకుని గ్రౌండు చుట్టూ పరిగెత్తించాను. మీ సంగతి విన్నప్పట్నుంచీ వాళ్ళందరూ గుర్తొస్తున్నారు. వాళ్ళలో ఎవడికైనా పాపం ఇలాంటి ఎముకే..."

ఆయన ఆగిపోయారు. ఎవరో ఒకరు ఏదో అనాలి. అందరూ నా ఎదురుగానే ఉన్నారు.

"నలభై వేలమందిలో ఒకరికట మాస్టారూ" అన్నాను. "మీ బడిలో నలభై వేలమంది చదివారా?"

ఆయన లెక్క వేసుకున్నారు. నిజంగానే పైకి చూస్తూ వేళ్ళు ముడుస్తూ వేశారు. "ఉండరు" అన్నారు. "నాలుగైదు వేలు ఉంటారేమో." ముఖం తేటపడింది. కప్పు నోటిదాకా వెళ్ళింది. తర్వాత, "అయితే మీకు నా మీద కోపం లేదన్నమాట. మరి ఆ రోజు మీరు ఔననలేదు, కాదనలేదు. మా వాడంటే మీకు ఇష్టమేనా?"

తల ఊపాను. పైకీ కిందికీ, అందరికీ కనపడేలా.

"ఊపారు!" అంది వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ. "తమ్ముడూ, చూశావా, ఊపారు!"

అక్కడితో సరిపోయేది. అమ్మాయి మాత్రం నా కుడి పక్క గోడకు ఆనుకుని నిలబడి ఉంది. తను నాకు కనిపించడం లేదు. స్టూలు తిప్పాను. కిర్రుమంది. తను ఇంకా ఎదురుచూస్తున్న ముఖంతోనే ఉంది. తలూపడం చాలలేదు. మళ్ళీ మాస్టారి వైపు తిరిగాను. మళ్ళీ కిర్రు.

రాసుకున్నవేవీ గుర్తు రాలేదు. వేరేది వచ్చింది.

"మా అమ్మాయి రోజూ పొద్దున కాఫీ ఇచ్చి కబుర్లు చెబుతుందండీ. నేను తిరిగి ఏమీ చెప్పను. వింటాను, అంతే. మీరు ఆ రోజు పెళ్ళి మాట ఎత్తారు. తను వెళ్ళిపోతే ఇక నాకు కాఫీ ఒక్కటే మిగులుతుంది కదా అనుకున్నాను. దాంతో నోరు పెగల్లేదు. అది ఎముక కాదు."

నేను స్టూలు తిప్పలేదు. కుడి పక్క ముక్కు ఎగబీల్చడం వినిపించింది. ఈసారీ జలుబు కాదు.

మాస్టారు కప్పు కింద పెట్టారు.

"మా ఇంట్లో మాట్లాడేవాణ్ణి నేనొక్కణ్ణే. వినే దిక్కు లేదు. పిల్ల షాపుకి వెళ్ళే దారిలోనే కదండీ మీ ఇల్లు. పెళ్ళయ్యాక కూడా పొద్దున కాఫీ ఇక్కడే తాగి వెళ్తుంది." చొక్కా సర్దుకుని, "అభ్యంతరం లేకపోతే నేనూ వస్తాను" అన్నారు.

అభ్యంతరం గురించి నేను ఆలోచిస్తూ ఉండగానే ఆయన లేచి నిలబడి ఛాతీ విరిచి, "కుడికీ... తిరుగు!" అన్నారు.

తిరిగాను. స్టూలుతో సహా. అమ్మాయి ఏడుస్తూ నవ్వుతోంది.

బామ్మర్ది మంచి సమయమని చూసి పరుపు సంగతి చెప్పాడు. ఎవరూ వినలేదు.

18, సోమవారం

పని: లేదు. డాక్టరమ్మ మాట.

స్టూలును వంటింటి గుమ్మం దగ్గరే ఉంచాను. పొద్దున కాఫీకి దాని మీదే కూర్చున్నాను. అమ్మాయి పొయ్యి దగ్గరికీ అల్మారా దగ్గరికీ తిరుగుతూ కబుర్లు చెబుతోంది. షాపుకి ఒకావిడ వచ్చి, మా ఆయనకి నేను అందంగా కనపడే కళ్ళజోడు ఇవ్వమందట. నేను తను ఎటు వెళ్తే అటు తిరిగాను. అటూ ఇటూ కిర్రుమంటూనే ఉంది. చెవికి బాగాలేదని నూనె సీసా తెచ్చాను.

"వద్దు నాన్నా" అంది.

"కిర్రుమంటోంది."

"అననీ. నేను అటు తిరిగి పని చేసుకుంటున్నా, నువ్వు నా వైపే తిరిగావని తెలుస్తుంది."

సీసాకు మూత పెట్టేశాను. కప్పు ఖాళీ అయింది. కబుర్లు ఇంకా అవలేదు.